పొసగని లైసెన్సులు, కలవాల్సిన కోడ్

కోలారు జిల్లా రైతు ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, బడిలో కన్నడం చదువుకుని ఉంటాడు, టమాటా మండీలో వేలంపాట రెండు భాషల్లోనూ వింటాడు. కేజీఎఫ్ వైపు వెళ్తే తమిళం కూడా కావాలి. అలాంటి రైతు కోసం ఊరిగాంలో ఇంజినీరింగ్ చదివే నలుగురు విద్యార్థులు ఆఖరి ఏడాది ప్రాజెక్టుగా ఒక యాప్ మొదలుపెట్టారనుకుందాం. ఆకును ఫొటో తీస్తే తెగులు పేరు చెప్పాలి. వివరం కన్నడ లిపిలోనూ తెలుగు లిపిలోనూ కనిపించాలి. దగ్గరలోని రైతు సంపర్క కేంద్రాన్ని మ్యాప్‌లో చూపాలి.

దీనికి కావలసినవన్నీ ఉచితంగానే దొరుకుతాయి. తెగులును గుర్తుపట్టడానికి అల్ట్రాలిటిక్స్ వాళ్ల యోలో ఉంది. 2023 నుంచి అది ఏజీపీఎల్-3 కింద ఉంది. ఫొటోను కత్తిరించి సరిచేయడానికి ఓపెన్‌సీవీ. 2020లో వచ్చిన 4.5 నుంచి దానిది అపాచీ-2. శిక్షణకు ప్లాంట్‌విలేజ్ సేకరణలోని ఆకుల ఫొటోలు, యాభై వేలకు పైమాటే; వాటిని విడుదల చేసింది క్రియేటివ్ కామన్స్ బై-ఎస్‌ఏ 3.0 కింద. అక్షరాలకు నోటో ఫాంట్లు, ఓఎఫ్‌ఎల్ కింద. కన్నడ మాటలకు అర్థాలు కావాలంటే అలర్ నిఘంటువు, ఓడీబీఎల్ కింద. మ్యాప్‌కు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్, అదీ ఓడీబీఎల్ కిందే. ఆరు వస్తువులు, అయిదు రకాల షరతులు. ఒక్కొక్కటీ విడిగా తీసుకుంటే ఏ పేచీ లేదు. అన్నీ ఒకే యాప్‌లో పెట్టి ఇంకొకరి చేతికి ఇవ్వవచ్చా అన్నదే ప్రశ్న. ఓపెన్ సోర్స్ ప్రపంచం ముప్పై ఏళ్లకు పైగా దీనితో తంటాలు పడుతోంది.

ముందు చట్టం సంగతి. మన 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను సాహిత్య కృతిగా లెక్కిస్తుంది. రాసినవారు ఏమీ చెప్పకుండా ఊరుకుంటే హక్కులన్నీ వారివే. నకలు తీయడం, పంచడం, మార్చడం ఏదైనా వారి అనుమతితోనే జరగాలి. గిట్‌హబ్‌లో అందరికీ కనబడుతోంది కదా అని తీసుకోవడానికి వీల్లేదు. లైసెన్స్ అనేది ఆ అనుమతి పత్రం. షరతు తప్పితే అనుమతి పోతుంది, మిగిలేది ఉల్లంఘనే. ఉచితంగా ఇచ్చినదానికి షరతులేమిటి అన్న వాదన కూడా కోర్టుల దాకా వెళ్లింది. 2004లో మ్యూనిక్ కోర్టు జీపీఎల్ చెల్లుతుందని చెప్పింది. 2008లో అమెరికా ఫెడరల్ సర్క్యూట్ కోర్టు, బొమ్మ రైళ్లను నడిపే సాఫ్ట్‌వేర్ మీద వచ్చిన జేకబ్‌సన్ వర్సెస్ కాట్జర్ తగాదాలో, డబ్బు పుచ్చుకోకపోయినా షరతు షరతేనని తేల్చింది. బొమ్మ రైళ్ల తగాదా ఇంత పెద్ద సూత్రాన్ని నిలబెట్టడం న్యాయశాస్త్రంలోని చిన్న వినోదం.

లైసెన్సులు వందల కొద్దీ ఉన్నా స్వభావం రెండే. ఎంఐటీ, బీఎస్‌డీ, అపాచీ వంటివి ఉదారమైనవి: మా పేరు ఉంచండి, ఈ కాగితం జతచేయండి, మిగతాది మీ ఇష్టం. జీపీఎల్, ఏజీపీఎల్ వంటివి కాపీలెఫ్ట్ లైసెన్సులు: మా కోడ్ కలిపి ఏదైనా చేసి పంచితే ఆ మొత్తాన్నీ ఇదే లైసెన్స్ కింద, సోర్సుతో సహా ఇవ్వాలి. ఎల్‌జీపీఎల్, ఎంపీఎల్ ఈ రెండింటికీ నడుమ నిలుస్తాయి; ఆ లైబ్రరీకో ఆ ఫైలుకో షరతు పెట్టి మిగతా కోడ్‌ను వదిలేస్తాయి.

రెండు ఉదారమైన లైసెన్సులు దాదాపు ఎప్పుడూ పొసగుతాయి. ఉదారమైనది కాపీలెఫ్ట్‌లోకి సాధారణంగా ఇమిడిపోతుంది. చిక్కంతా రెండు కాపీలెఫ్ట్‌లు ఎదురుపడ్డప్పుడే. మొత్తం నా షరతు కిందికే రావాలని ఒకటి అంటుంది, నా కిందికే అని రెండోది. రెండింటి ఆశయమూ ఒకటే కావచ్చు, రాసినవాళ్లు స్నేహితులూ కావచ్చు, అయినా కలవవు. కేజీఎఫ్ గనులు జాతీయం కాకముందు ఇలాంటి పరిస్థితే ఉండేది. బంగారం ఉన్న రాతిపొర ఒకటే అయినా మైసూరు, చాంపియన్ రీఫ్, ఊరిగాం, నందిదుర్గ అనే వేర్వేరు కంపెనీలు వేర్వేరు లీజుల మీద తవ్వేవి. అన్నింటినీ నడిపించింది జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఒకే ఏజెంటు సంస్థ. భూమి లోపలి రాయి ఎలా సాగినా కాగితాల మీద ఎవరి హద్దు వారిదే.

చాలామంది గమనించని విషయం ఇంకొకటి ఉంది. పొసగడం అనేది రెండు వైపులా ఒకేలా ఉండదు. ఆఫీసు సాఫ్ట్‌వేర్ కథ దీనికి మంచి నిదర్శనం. ఓపెన్‌ఆఫీస్ ఒరాకిల్ చేతికి వెళ్లాక, 2010 సెప్టెంబరులో చాలామంది డెవలపర్లు విడిపోయి లిబ్రేఆఫీస్ మొదలుపెట్టారు. 2011లో ఒరాకిల్ పాత ఓపెన్‌ఆఫీస్‌ను అపాచీ ఫౌండేషన్‌కు అప్పగించింది, అది అపాచీ-2 కిందికి మారింది. లిబ్రేఆఫీస్‌ది ఎల్‌జీపీఎల్, ఎంపీఎల్ దారి. దాంతో అపాచీ వైపు ఎవరైనా మంచి సవరణ చేస్తే లిబ్రేఆఫీస్ దాన్ని నిశ్చింతగా తీసుకోవచ్చు; లిబ్రేఆఫీస్‌లో జరిగిన పనిని అపాచీ ఓపెన్‌ఆఫీస్ తీసుకోలేదు, తీసుకుంటే తన ఉదార లైసెన్స్‌ను నిలుపుకోలేదు. నీరు పల్లానికే పోయినట్టు కోడ్ ఒకవైపే ప్రవహించింది. నేడు తెలుగులో, కన్నడంలో మెనూలు కావాలనుకునేవారు లిబ్రేఆఫీస్‌నే దించుకుంటున్నారు. అది గెలవడానికి లైసెన్స్ ఒక్కటే కారణమని చెప్పలేం. మనుషులు అటు వెళ్లారు, పని అక్కడ జరిగింది. కానీ వెనకబడినవాడికి పక్కవాడి పని చూసి అందుకునే అవకాశం కూడా లేకుండా చేసింది మాత్రం లైసెన్సే.

జీపీఎల్ తన సొంత ఇంట్లోనే పొసగని సందర్భం మరీ విచిత్రం. 1991 నాటి రెండో వెర్షన్‌కూ 2007 నాటి మూడో వెర్షన్‌కూ మధ్య పొత్తు లేదు. ‘ఈ వెర్షన్ లేదా తర్వాతి ఏ వెర్షన్ అయినా’ అని రచయిత రాసి ఉంటేనే దారి దొరుకుతుంది. లైనక్స్ కెర్నల్‌లో ఆ మాట లేదు, అది రెండో వెర్షన్‌కే కట్టుబడింది. 2004లో వచ్చిన అపాచీ-2 సంగతీ అంతే. అందులో పేటెంట్ల గురించి ఉన్న నిబంధన జీపీఎల్-2కు అదనపు ఆంక్షగా కనిపిస్తుందని జీపీఎల్ రాసిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ మాట, జీపీఎల్-3లో మాత్రం అది ఇముడుతుంది. కాబట్టి మన విద్యార్థుల ఓపెన్‌సీవీ, యోలోలు పొసగడానికి కారణం ఏజీపీఎల్ మూడో వెర్షన్ కావడమే. జీపీఎల్-2కే పరిమితమైన కోడ్ ఒక్క ముక్క మధ్యలో దూరితే మొత్తం చెడుతుంది. పరిచయ వ్యాసాలు చాలావాటిలో ‘అపాచీ జీపీఎల్‌తో పొసగుతుంది’ అని ఒక్క వాక్యంలో ముగిస్తారు. ఏ జీపీఎల్ అని అడగని వాక్యం అది.

ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్ఎస్ఎల్ కథ దీనికి తోడు. పాత బీఎస్‌డీ లైసెన్స్‌లో ప్రకటనలన్నిటిలోనూ మా పేరు వేయాలనే షరతు ఉండేది. బర్కిలీ విశ్వవిద్యాలయం 1999 జులైలో దాన్ని ఎత్తేసింది, ఓపెన్‌ఎస్ఎస్ఎల్ మాత్రం అలాంటి షరతునే మరో రెండు దశాబ్దాలు మోసింది. దాన్ని వాడుకునే జీపీఎల్ ప్రోగ్రాములు ఏళ్ల తరబడి ప్రత్యేక మినహాయింపు రాసుకుని బతికాయి. 2021లో 3.0 వెర్షన్‌తో అపాచీ-2కు మారి సమస్య తీర్చామనుకున్నారు. జీపీఎల్-2కే కట్టుబడ్డవాళ్లకు అది తీరలేదు, సమస్య పేరు మారిందంతే.

ఇక ‘కలపడం’ అంటే ఏమిటన్న చర్చ. ఒకే సీడీలోనో ఒకే ఇన్‌స్టాలర్‌లోనో రెండు ప్రోగ్రాములు పక్కపక్కన ఉంటే అది కలపడం కాదని జీపీఎల్ స్వయంగా చెబుతుంది. అందుకే చెన్నై సీ-డాక్ తయారుచేసిన బాస్ లైనక్స్‌లో వందల లైసెన్సులు సుఖంగా ఉండగలుగుతున్నాయి. ఒక ప్రోగ్రామ్ ఇంకోదాని లైబ్రరీని పిలిస్తే? కలపడమేనని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ అంటుంది, అంత సులువుగా తేల్చలేమని లారెన్స్ రోజెన్ వంటి న్యాయవాదులు అంటారు. మన చట్టం ఈ గందరగోళానికి ఇంకో మెలిక కలుపుతుంది. జీపీఎల్-2 ఆధారపడేది అమెరికా చట్టంలోని ఉత్పన్న కృతి అనే భావన మీద. మన చట్టం మాట్లాడేది కృతిని మార్చడం, పునర్వ్యవస్థీకరించడం గురించి. లైబ్రరీని ముట్టుకోకుండా పిలిస్తే అది మార్చడం కిందికి వస్తుందా అని ఇద్దరు లాయర్లను అడిగితే మూడు జవాబులు వస్తాయి. ఇంజినీర్లు కోర్టు తీర్పు కోసం ఆగరు కనుక ఫౌండేషన్ చెప్పిన కఠినమైన అర్థాన్నే పాటిస్తూ వచ్చారు. అదే మంచిదని నా ఉద్దేశం. అనుమానమున్నచోట రచయిత కోరికను మన్నించడం నష్టం లేని పని.

తెలుగువాడికీ కన్నడిగుడికీ ఈ చర్చ నేరుగా తగిలిన చోటు అక్షరాల దగ్గర. కంప్యూటర్ లోపల తెలుగు వాక్యం వరసగా పేర్చిన సంకేతాలు మాత్రమే. ‘క’ తర్వాత పొల్లు, ఆ తర్వాత ‘ష’ వస్తే వాటిని ‘క్ష’గా తెరమీద దిద్దడం, వత్తును కిందికీ గుడిని పైకీ చేర్చడం షేపింగ్ ఇంజన్ పని. ఓపెన్ సోర్స్‌లో ఈ పనిచేసే కోడ్ మొదట ఫ్రీటైప్ ప్రాజెక్టులో ఉండేది. అక్కడినుంచి చీలి ఒక శాఖ గ్నోమ్ వాళ్ల పాంగోలో, మరో శాఖ కేడీఈకి పునాది అయిన క్యూటీలో పెరిగింది. పాంగోది ఎల్‌జీపీఎల్. క్యూటీ ఒకవైపు జీపీఎల్ కింద ఇస్తూ మరోవైపు కంపెనీలకు వాణిజ్య లైసెన్స్ అమ్ముకునేది. పాంగో సవరణను తెచ్చుకుంటే క్యూటీ దాన్ని తన వాణిజ్య ఖాతాదారులకు ఆ షరతు లేకుండా అమ్మలేదు. కాబట్టి ఒకే లిపుల కోసం ఒకే పని రెండు చోట్ల జరిగింది. రెండింటికీ ఒప్పుదల అయిన ఎంఐటీ లైసెన్స్ కింద ఆ శాఖలను మళ్లీ ఒకచోట చేర్చారు. అదే హార్ఫ్‌బజ్. తరవాత బెహ్‌దాద్ ఎస్ఫాబోద్ దాన్ని మొదటినుంచి తిరగరాశారు. ఇవాళ ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రేఆఫీస్ అన్నీ దాని మీదే నడుస్తున్నాయి.

కాపీలెఫ్ట్ అభిమానులు కూడా ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. హార్ఫ్‌బజ్ జీపీఎల్ కింద ఉండి ఉంటే బ్రౌజర్ కంపెనీలూ ఫోన్ కంపెనీలూ ఎవరికి వారు సొంత ఇంజన్ రాసుకునేవారు. ఇంగ్లీషుకు అది పెద్ద నష్టం కాదు, ఎవరి ఇంజన్ అయినా దాన్ని సరిగ్గానే చూపిస్తుంది. తెలుగు వత్తులు నాలుగు చోట్ల నాలుగు రకాలుగా విరిగేవి.

ఫాంట్ల చరిత్ర ఇంకా చిక్కనిది. 2003లో బెంగళూరు సైబర్‌స్కేప్ మల్టీమీడియా తన ఆకృతి ఫాంట్లను జీపీఎల్ కింద విడుదల చేసింది. 2004లో రెడ్‌హ్యాట్ లోహిత్ ఫాంట్లను జీపీఎల్ కిందే ఇచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు తయారుచేసిన పోతన, వేమన ఫాంట్లు కూడా జీపీఎల్‌తోనే డెబియన్‌లోకి చేరాయి. అప్పటికి ఉన్న మంచి లైసెన్స్ అదే కనుక అందరూ అదే పట్టుకున్నారు. అయితే జీపీఎల్ ప్రోగ్రాముల కోసం రాసింది. పీడీఎఫ్‌లో ఫాంటును ఇమిడ్చితే ఆ పీడీఎఫ్ కూడా జీపీఎల్ కిందికి వస్తుందా? పెళ్లి శుభలేఖకు సోర్సు ఇవ్వాలా? ప్రశ్న నవ్వులాటగా ఉన్నా అక్షరాలా చదివితే సందేహం నిజమే. దాన్ని తీర్చడానికి ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఫాంట్ మినహాయింపు వాక్యం ఒకటి రాసింది. అది జతచేసిన ఫాంట్లకు సరే, చేయని వాటి సంగతి అలాగే ఉండిపోయింది.

ఈలోగా ఎస్‌ఐఎల్ సంస్థ ఫాంట్ల కోసమే ఓఎఫ్‌ఎల్ రాసింది. 2007లో వచ్చిన 1.1 వెర్షనే నేటికీ చెలామణీలో ఉంది. ఫాంటును ఒక్కదాన్నే అమ్మకూడదు, ఏ సాఫ్ట్‌వేర్‌తోనైనా జతచేసి ఇవ్వవచ్చు, మార్చిన ఫాంటు ఓఎఫ్‌ఎల్ కిందే ఉండాలి, రచయిత రిజర్వు చేసుకున్న పేరును మార్చిన ఫాంటుకు పెట్టకూడదు, ఆ ఫాంటుతో చేసిన పత్రాల మీద ఏ షరతూ లేదు. 2011లో లోహిత్ ఓఎఫ్‌ఎల్‌కు మారింది. గూగుల్ నోటో ఫాంట్లు మొదట అపాచీ కింద ఉండి 2015లో ఓఎఫ్‌ఎల్‌కు వచ్చాయి. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, మల్లన్న, గిడుగు, సురవరం, ఎన్‌టీఆర్ వంటి ఫాంట్లు మొదటినుంచీ ఓఎఫ్‌ఎల్ కిందే ఉన్నాయి. వీటిలో తెలుగు అక్షరాలు మనవాళ్లు గీసినవి, ఇంగ్లీషు అక్షరాలు వేరే దేశాల డిజైనర్ల ఓఎఫ్‌ఎల్ ఫాంట్ల నుంచి తెచ్చి అతికినవి. ఎవరికీ ఉత్తరం రాయనక్కరలేకుండా ఆ అతుకు సాధ్యమైంది. రెండువైపులా లైసెన్స్ ఒకటే కనుక. తెలుగు పత్రికలో ఇంగ్లీషు మాట లేని పేజీ ఉండదు కాబట్టి ఆ అతుకు లేకపోతే ఫాంటు పనికిరాదు. జీపీఎల్‌లో ఉన్న ఫాంటు నుంచి ఒక్క అక్షరం తెచ్చి వీటిలో పెట్టడానికి మాత్రం నేటికీ వీల్లేదు. అది జీపీఎల్ కావాలంటుంది, ఇది ఓఎఫ్‌ఎల్ కావాలంటుంది.

పాఠానికీ సమాచారానికీ వస్తే గోడలు ఇంకా ఎత్తు. కన్నడ వికీపీడియా, తెలుగు వికీపీడియా రెండూ 2003లో మొదలయ్యాయి, అప్పటి లైసెన్స్ జీఎఫ్‌డీఎల్. అది సాఫ్ట్‌వేర్ మాన్యువల్స్ కోసం రాసినది. ఒక వ్యాసం అచ్చువేసుకుంటే లైసెన్స్ పాఠమంతా దానితో అచ్చువేయాలి. మిగతా ప్రపంచం క్రియేటివ్ కామన్స్ వైపు నడిచింది, రెండూ కాపీలెఫ్ట్‌లే కనుక కలవవు. లక్షలమంది రచయితలను వెతికి సంతకాలు తీసుకోవడం జరిగే పని కాదు. 2008 నవంబరులో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ జీఎఫ్‌డీఎల్ 1.3 తెచ్చి, అందరూ కలిసి రాసే సైట్లు 2009 ఆగస్టు 1 లోపు క్రియేటివ్ కామన్స్ బై-ఎస్‌ఏకు మారవచ్చని ఒక వాక్యం చేర్చింది. వికీమీడియా ఓటింగ్ పెట్టి ఆ ఏడాది జూన్‌లో మారింది. పాత వ్యాసాలన్నిటి మీదా ‘లేదా తర్వాతి వెర్షన్’ అన్న మాట ఉండబట్టే ఇది సాధ్యమైంది.

ఆ మార్పు ఫలితం 2014లో కర్ణాటకలో కనిపించింది. మైసూరు విశ్వవిద్యాలయం తన కన్నడ విశ్వకోశంలోని ఆరు సంపుటాలను సీసీ బై-ఎస్‌ఏ కింద విడుదల చేసింది. వికీపీడియా లైసెన్స్ అదే కనుక ఆ పాఠం నేరుగా అక్కడికి చేరగలిగింది. విశ్వవిద్యాలయం అదే మంచి మనసుతో ‘వాణిజ్యేతర వినియోగానికి మాత్రమే’ అని ఒక్క మాట చేర్చి ఉంటే ఒక్క పేరా కూడా వెళ్లేది కాదు.

అలర్ దగ్గర కథ అడ్డం తిరుగుతుంది. వి. కృష్ణ దశాబ్దాల పాటు ఒంటరిగా కూర్చిన కన్నడ-ఇంగ్లీషు నిఘంటువు ఇది, లక్షన్నరకు పైగా మాటలున్నాయి. 2019లో జెరోధా సాంకేతిక సారథి కైలాష్ నాధ్ చొరవతో ఓడీబీఎల్ కింద బయటికి వచ్చింది. ఓడీబీఎల్ డేటాబేస్‌ల కోసం రాసిన కాపీలెఫ్ట్. ఎవరైనా యాప్‌లో చూపించుకోవచ్చు, మూలం చెబితే చాలు. డేటాబేస్‌ను పెంచి పంచితే పెంచినదాన్ని ఓడీబీఎల్ కిందే ఇవ్వాలి. నిఘంటువుకు ఇంతకంటే తగిన షరతు లేదనిపిస్తుంది. కానీ కన్నడ విక్షనరీది సీసీ బై-ఎస్‌ఏ. అలర్‌ను యథాతథంగా విక్షనరీలో పోయడానికి వీల్లేదు, విక్షనరీ వివరణలను అలర్‌లో కలపడానికీ వీల్లేదు. ఇద్దరూ అందరికీ ఇవ్వాలనుకున్నారు, ఒకరికొకరు మాత్రం ఇచ్చుకోలేరు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కూడా ఇలాంటి చిక్కులోంచే వచ్చింది. 2012లో అది సీసీ బై-ఎస్‌ఏ నుంచి ఓడీబీఎల్‌కు మారినప్పుడు ఒప్పుకోని వాళ్లు గీసిన రోడ్లు, ఊర్లు మ్యాప్ నుంచి తుడిచేయాల్సి వచ్చింది.

ఇంగ్లీషు నిఘంటువుల్లో ఒకటి పొసగకపోతే ఇంకోటి ఉంటుంది. కన్నడానికీ తెలుగుకూ అంత పెద్ద బహిరంగ సేకరణలు వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్నే. కాబట్టి కాపీలెఫ్ట్‌లు ఒకదాన్నొకటి అడ్డుకోవడంలోని ఖర్చు మన భాషల మీద ఎక్కువ పడుతుంది. మంచి లైసెన్స్ ఏది అనే ప్రశ్న మనకు రెండోది. ఇప్పటికే ఉన్నవాటిలో దేనితో కలవాలి అన్నది మొదటిది. కొత్తగా తెలుగు పాఠం విడుదల చేసేవారు వికీపీడియా ఇప్పుడు వాడుతున్న సీసీ బై-ఎస్‌ఏ 4.0ను, లేదా అంతకంటే ఉదారమైనదాన్ని ఎంచుకోవాలి. ఫాంటయితే ఓఎఫ్‌ఎల్. అందరికీ పునాదిగా ఉండాల్సిన కోడ్ అయితే హార్ఫ్‌బజ్ దారి. ఆ పైన కట్టే యాప్‌కు జీపీఎల్-3 పెట్టుకోవడంలో నాకు అభ్యంతరం లేదు, ‘లేదా తర్వాతి వెర్షన్’ అన్న మాట మరవకపోతే చాలు.

ఇప్పుడు ఆ టమాటా యాప్ తేలుతుందా? ఫాంట్లు ఎక్కడైనా ఇముడుతాయి. నిఘంటువు, మ్యాప్ విడివిడి డేటాబేస్‌లుగా ఉండి తెరమీద ఫలితం మాత్రమే చూపిస్తే పేర్లు చెప్పడంతో సరిపోతుంది. ఓపెన్‌సీవీ ఏజీపీఎల్-3లో ఇముడుతుంది. చిక్కుముడి ఆకుల ఫొటోల దగ్గరే. ప్లాంట్‌విలేజ్ బొమ్మలను ఇచ్చినవాళ్లు, వాటితో శిక్షణ పొందిన ఆల్గోరిథమ్‌లకూ అదే లైసెన్స్ వర్తిస్తుందని వివరణ జోడించారు. అంటే తయారైన మోడల్ సీసీ బై-ఎస్‌ఏ 3.0 కింద ఉండాలి, దాన్ని నడిపే కోడ్ ఏజీపీఎల్ కింద ఉండాలి. కలవవనిపిస్తుంది గానీ దారి ఉంది. 3.0 కృతిని మార్చి చేసినదాన్ని అదే లైసెన్స్ తర్వాతి వెర్షన్ అయిన 4.0 కింద ఇవ్వవచ్చు. 2015 అక్టోబరు నుంచి బై-ఎస్‌ఏ 4.0 కృతిని మార్చి చేసినదాన్ని జీపీఎల్-3 కింద ఇవ్వడానికి క్రియేటివ్ కామన్స్ ఒప్పుకుంది, తిరుగు దారి లేదు. జీపీఎల్-3ను ఏజీపీఎల్-3తో కలపవచ్చని ఆ రెండు లైసెన్సుల 13వ క్లాజులే చెబుతాయి. మొత్తానికి యాప్ బయటికి రావచ్చు, సోర్సు అందరికీ ఇచ్చే పద్ధతిలో. సర్వర్ మీద నడిపి ఫోన్‌కు ఫలితం మాత్రమే పంపినా సోర్సు అడిగే హక్కు వాడుకరికి ఉంటుంది. ఏజీపీఎల్ ప్రత్యేకత అదే. కోడ్ మూసి అమ్ముకోవాలంటే అల్ట్రాలిటిక్స్ దగ్గర వాణిజ్య లైసెన్స్ కొనాలి, ఫొటోలు వేరే వెతుక్కోవాలి. కోలారు తోటల్లో సొంతంగా తీసుకుంటే ఇంకా మంచిది, ప్రయోగశాలలో తీసిన ఆకుకూ చేలోని దుమ్ముపట్టిన ఆకుకూ ఎంతో తేడా.

అసలు మోడల్ అనేది ఫొటోలను మార్చి చేసిన కృతేనా అన్న ప్రశ్న మిగిలే ఉంది. కాపీరైట్ మోడల్‌లోని అంకెల దాకా చేరకపోతే ఆ వివరణకు చట్టబలం ఉండదు. చేరితే మాత్రం వికీపీడియా చదివిన భాషా మోడళ్లన్నీ జవాబు చెప్పాల్సి ఉంటుంది. ఢిల్లీ హైకోర్టులో 2024లో ఏఎన్‌ఐ వార్తా సంస్థ ఓపెన్‌ఏఐ మీద వేసిన కేసు ఈ చుట్టుపక్కలదే. కోర్టుల కోసం ఆగకుండా జాగ్రత్తపడ్డవాళ్లూ ఉన్నారు. గొంతుల సేకరణ కామన్ వాయిస్‌ను మొజిల్లా ఏ షరతూ లేని సీసీ0 కింద ఇస్తుంది, వికీపీడియా వాక్యాలు ఆ లైసెన్స్‌కు పొసగవు కనుక ఒక్కో వ్యాసం నుంచి మూడు వాక్యాలకు మించి తీసుకోవద్దని నియమం పెట్టుకుంది.

ప్రభుత్వాల వైపు చెప్పుకోవడానికి కొంత ఉంది. 2015లో కేంద్రం ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యమిచ్చే విధానం ప్రకటించింది, 2017లో ప్రభుత్వ డేటాకు సొంత లైసెన్స్ తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ పట్టణ పాలక సంస్థలు వాడిన ఈగవర్నమెంట్స్ ఫౌండేషన్ సాఫ్ట్‌వేర్ జీపీఎల్-3 కింద ఉండేది. ఆ సంస్థ తర్వాతి వేదిక డిజిట్ ఎంఐటీ కింద వచ్చింది. ఒక్కో రాష్ట్రం తనకు కావలసినవి కలుపుకుంటూ పోవాల్సిన సాఫ్ట్‌వేర్‌కు అది అర్థమయ్యే ఎంపికే. ఆ మార్పు తర్వాత రాష్ట్రాలు చేసిన చేర్పులను తిరిగి అందరికీ ఇచ్చే బాధ్యత మాత్రం లైసెన్స్ నుంచి తప్పుకుని ఒప్పందాల మీదికి వెళ్లింది.

కాలేజీల్లో పరిస్థితి వేరు. అక్కడ పొసగని లైసెన్సుల కంటే అసలు లైసెన్స్ లేకపోవడమే పెద్ద రోగం. మంచి ప్రాజెక్టు గిట్‌హబ్‌లో పెడతారు, లైసెన్స్ ఫైలు ఉండదు, మరుసటి ఏడాది జూనియర్లు దాన్ని తీసుకుని కొనసాగిస్తారు. చట్టం దృష్టిలో ఆ కొనసాగింపుకు అనుమతి లేదు. ఉద్యోగి రాసిన కోడ్‌కు సాధారణంగా యజమాని హక్కుదారు, విద్యార్థి ఉద్యోగి కాడు. నలుగురు రాస్తే నలుగురూ హక్కుదారులే. డిగ్రీ చేతికొచ్చాక ఒకరు బెంగళూరు, ఒకరు హైదరాబాదు, ఒకరు డాలస్ వెళ్తారు. తర్వాత లైసెన్స్ మార్చాలన్నా, మొదటిసారి పెట్టాలన్నా నలుగురి ఒప్పుదలా కావాలి. వీఎల్‌సీ ప్లేయర్ వాళ్లు 2011, 2012లలో జీపీఎల్ నుంచి ఎల్‌జీపీఎల్‌కు మారడానికి వందమందికి పైగా డెవలపర్లను ఒక్కొక్కరినే వెతికి అడిగారు. అంతకుముందే, 2011 జనవరిలో, యాపిల్ స్టోర్ షరతులకూ జీపీఎల్‌కూ పడక వీఎల్‌సీ అక్కడినుంచి దిగిపోయింది. ప్రతి ఫైలు నెత్తిన దాని లైసెన్స్ పేరు తెలిపే ఎస్‌పీడీఎక్స్ గుర్తు ఒక్క వరుస రాయడం, 2021 నుంచి అది ఐఎస్ఓ ప్రమాణం కూడా, అయిదు నిమిషాల పని. రికార్డు పుస్తకం మీద గైడ్ సంతకం పెట్టే రోజునే నలుగురి చేతా లైసెన్స్ ఫైలు కమిట్ చేయించవచ్చు, అప్పటికి ఇంకా అందరూ ఒకే గదిలో ఉంటారు.